నీళ్ళ క్యాన్లు, వంతుల సంచి



మా రామన్నపేట దిక్కు ఎవరన్నా దూరం పోతున్నారంటే ఇంట్లో పెద్దవాళ్ళు ముందు పైసల సంగతి అడగరు. "నీళ్ళు పెట్టుకున్నరా?" అంటారు. నల్లగొండలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు మా తాతల నడుములు వంచింది, మా తరం పళ్ళ మీద పసుపు గార వేసింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు మంచం దిగలేని మనుషులను మేం బడికి పోయే వయసులోనే చూశాం. ఇప్పుడు ఇంటింటి నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న ఆవిష్కరించింది మా పక్కనున్న చౌటుప్పల్‌లోనే. అయినా పెద్దవాళ్ళు ఆ అడగడం మాత్రం మానలేదు.

మా స్నేహితుల్లో ఒకాయన మెకానిక్. ఎవరో వదిలించుకున్న పాత ఓమ్నీ వ్యాన్‌ను బాగుచేసి షెడ్డు ముందు నిలబెట్టుకున్నాడు. ఓ సాయంత్రం చాయ్ తాగుతూ, "గా కృష్ణ నీళ్ళు యాడికెళ్ళి వస్తున్నయో ఒక్కసారి చూసొద్దాం పాండ్రి" అన్నాడు. ఇంకో స్నేహితుడు మగ్గం నేసే ఇంటివాడు, ఒకాయనది కిరాణా దుకాణం, ఒకడు డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్నాడు, నేను బడిపంతులును. అందరం పైసలు లెక్కపెట్టుకుని బతికేవాళ్ళమే. అందుకని దారి ఖర్చుకు తలా ఇంత వేసి ఒక్క గుడ్డసంచిలో పోశాం, ఆ సంచి కిరాణా ఆయన చేతికిచ్చాం. ఆయన చేతిలో పడిన రూపాయి బయటికి రావాలంటే ఎంత కష్టమో మా ఊళ్ళో అందరికీ తెలుసు.

చవక ప్రయాణం అనగానే చాలామంది అన్నిట్లోనూ కోత పెడతారు. అది నాకు నచ్చదు. బండి టైర్ల దగ్గర కోత పెట్టకూడదు, అడవిలో దారి చూపేవాడి కూలి దగ్గర అసలే పెట్టకూడదు. తిండి దగ్గర పెట్టొచ్చు. జొన్న రొట్టెలు ఎండబెట్టినట్టు కాల్చి గుడ్డలో చుడితే రెండు మూడు రోజులు ఆగుతాయి. వెల్లుల్లి కారం, పల్లి పొడి, ఉల్లిగడ్డ ఉంటే దాబా మొహం చూడాల్సిన పని లేదు. పడుకోవడానికి చాపలు, దోమతెర. నీళ్ళకు పెద్ద స్టీలు క్యాన్లు. నల్లమలలో ప్లాస్టిక్ సీసాల మీద కట్టడి ఉంది కాబట్టి స్టీలే మేలు.

చైత్ర మాసంలో బయలుదేరాం. ఎండకు బయలుదేరడం తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది కానీ, దానికో కారణం ఉంది. కాసేపట్లో చెబుతాను.

చిట్యాల, నార్కట్‌పల్లి దాటి నల్లగొండ చేరితే ఊరి అంచున పానగల్లు. అక్కడ ఉదయసముద్రం చెరువు. కందూరు చోడులు ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కింద తవ్వించిన చెరువు అది. గుడి కట్టేవాడు ముందు చెరువు కట్టేవాడు, మా మెట్ట సీమలో రాజరికం అంటే అదే. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. లింగం వెనక పొద్దంతా ఒకే నీడ నిలబడుతుంది, స్తంభాల మధ్య వెలుగు పడే ఒడుపు అది. జనం ఆ నీడ చూసి వెళ్ళిపోతారు. మేం చెరువు కట్ట మీద ఎక్కువసేపు నిలబడ్డాం. ఎందుకంటే ఆ పాత చెరువు ఈనాటికీ పనిచేస్తోంది. నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర పంపులతో నీళ్ళు ఎత్తుతారు. అవి అక్కంపల్లి జలాశయంలో పడతాయి. అక్కడి నుంచి ఒక పాయ హైదరాబాదు దాహం తీర్చడానికి పోతుంది, ఒక పాయ కాలువ పట్టుకుని ఈ ఉదయసముద్రానికి వస్తుంది. చోడుల చెరువు ఇప్పుడు మోటారు నీళ్ళకు మజిలీ అయింది.

ఇక్కడే ఇంకో మాట. నీళ్ళలో ఫ్లోరైడు తీసేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో ఒక పద్ధతి రూపొందించారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగు పొడి కలిపి తిప్పితే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైతేట వడకట్టుకోవచ్చు. దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ఊరి పేరు అంత దూరం మోసుకుపోయిన పద్ధతి గురించి మా ఊళ్ళల్లో మాత్రం పదిమందిని అడిగితే ఒకరికి తెలుస్తుందేమో.

దేవరకొండ కోటను కిందినుంచే చూసి ముందుకు సాగాం. ఎండ అలాంటిది. డిండి దగ్గర ఆగాం. నిజాం కాలంలో, 1940లలో కట్టిన జలాశయం. కట్ట కింద చేపల కూర దుకాణాలు. కిరాణా ఆయన సంచి తీయడం అదే మొదలు. "చేపలు చవక గద" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. డిండి దగ్గర మేం హైదరాబాదు–శ్రీశైలం రోడ్డెక్కాం. అచ్చంపేట అడ్డరోడ్డు దాటి రంగాపూర్ దగ్గర కొండ ఎక్కితే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. నిలువెత్తు బండ కింద గుడి, ఆ బండ నుంచి బొట్టు బొట్టుగా ఊట. కింద ఊళ్ళల్లో బోర్లు ఎండిన వేసవిలో ఆ కొండ మీద చల్లటి నీళ్ళు చెవులకు వినిపిస్తుంటే మగ్గం మిత్రుడు చాలాసేపు దోసిలి పట్టుకునే కూర్చున్నాడు.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి మొదలు. వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా ఆ గేటు మూస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. ఇరవై ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైనే. రాష్ట్రం విడిపోక ముందు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో భాగం. ఇక్కడ బండి ఆపి వంట పెట్టకూడదు, నిప్పు రాజేయకూడదు. మా ఎండు రొట్టెల విలువ ఇక్కడ తెలిసింది.

ఫర్హాబాద్ దగ్గర సఫారీ జీపు ఉంది. ధర చెప్పగానే కిరాణా ఆయన సంచి చంకలో పెట్టుకున్నాడు. నిరుద్యోగి కుర్రాడు ఆయనతో వాదనకు దిగాడు. "కాకా, మనకు దారి చూపేటోడు చెంచు పిలగాడు. ఆనికి పోయే పైసలు మనం మిగిలించుకుంటే మనకు ఒరిగేదేంది?" నేను కుర్రాడి పక్షం. చెంచు యువకులు అక్కడ గైడ్లుగా, పులుల జాడ చూసే కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అడవిని పులి కోసం కాపాడితే అడవి మనిషికి ఇంత కూలి అయినా దొరకాలి కదా. చివరికి సంచి విప్పక తప్పలేదు. పులి కనిపించలేదు. పులి జాడ కనిపించింది, బురదలో పంజా గుర్తు. ఆ గైడు దాన్ని వేలితో చూపించి, ఆడదనీ, పొద్దునే నీళ్ళకు వచ్చి పోయిందనీ చెప్పాడు. అడవిలో కూడా మా ప్రశ్నే అడిగాం, "మీకు నీళ్ళు యాడియి?" అని. వాగులో ఇసుక తోడితే ఊరే చెలిమెలు చూపించాడు. తెల్లారి ముందు మనుషులు, పొద్దెక్కితే పశువులు, రాత్రి మెకాలు. ఎవరి వంతు వాళ్ళది. ఎండాకాలం చెలిమె ఎంత లోతుకు పోతే పెంటకు, అంటే చెంచుల గూడేనికి, అంత గడ్డుకాలం. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులు అంత గట్టిగా ఎందుకు ఎదురు తిరిగారో ఆ చెలిమె చూశాక నాకు ఇంకొంచెం అర్థమైంది. బోరు దించి రాయి తొలిస్తే ముందు పాడయ్యేది ఆ కాసిని నీళ్ళే. ఆ ఏడు సెప్టెంబరులో శాసనసభే తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

చైత్రంలో ఎందుకు బయలుదేరామో ఇప్పుడు చెబుతాను. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఏడాదిలో ఆ కొద్ది రోజులే అడవి శాఖ ఆ దారి తెరుస్తుంది. ఫర్హాబాద్ నుంచి అడవిలోకి బండ్లు పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి లోయలోకి నడవాలి. రాళ్ళు, వేర్లు, కర్ర పట్టుకుని దిగే ముసలమ్మలు, చంకలో పిల్లలతో తల్లులు. దిగేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని కేక, ఎక్కేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యా" అని కేక. రెండు కేకలూ లోయ గోడలకు తగిలి కలిసిపోతాయి. కింద ఎత్తైన కొండ మీంచి దూకే ధార, దాని కింద గుండం, గుహలో లింగం. పూజారులు చెంచులే. ఆ వేసవిలో ఆ గుండం నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన. దారి పొడవునా దాతలు మంచినీళ్ళు, మజ్జిగ, అన్నం పెడుతూనే ఉంటారు. తక్కువ పైసలతో తిరిగేవాళ్ళకు జాతరను మించిన ప్రయాణం మన దేశంలో లేదని నా నమ్మకం. ప్యాకేజీ టూర్లు రాకముందు మన పేదవాళ్ళు దేశం చూసింది జాతరల వల్లనే.

అక్కడి నుంచి వటవర్లపల్లి మీదుగా దోమలపెంట. ఇంటి నల్లాలో నీళ్ళు ఎక్కడివని బయలుదేరిన మాకు, రావలసి ఉండి రాని నీళ్ళు ఎక్కడ ఆగాయో చూపించిన చోటు అది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం నోరు అక్కడే ఉంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఆ ఎత్తు నుంచి నల్లమల కొండల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వితే, మోటార్లు లేకుండా, కరెంటు బిల్లు లేకుండా, వాలు మీదనే కృష్ణ నీళ్ళు నల్లగొండ మెట్టకు, ఫ్లోరైడు ఊళ్ళకు వస్తాయి. లెక్క 30 టీఎంసీలు, మూడు లక్షల ఎకరాలు. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా బావి దించడానికి వీల్లేదు, రెండు కొసల నుంచే తవ్వుకుంటూ రావాలి. పనులు మొదలై రెండు దశాబ్దాలు దాటింది. 2025 ఫిబ్రవరి 22న లోపల దాదాపు 14 కిలోమీటర్ల దగ్గర కప్పు కూలి నీళ్ళూ బురదా దూకాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారాల తరబడి వెతికితే బయటికి తేగలిగింది ఇద్దరి మృతదేహాలనే.

ఆ ఎనిమిది మందిలో కూలీలు జార్ఖండ్ వాళ్ళు. మిగతావాళ్ళు ఉత్తరప్రదేశ్, జమ్మూకాశ్మీర్, పంజాబ్ నుంచి వచ్చిన ఇంజనీర్లు, ఆపరేటర్లు. మా నల్లగొండకు నీళ్ళు తేవడానికి వచ్చిన మనుషులు. మేం గేటు దాకా వెళ్ళి నిలబడ్డాం. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మెకానిక్ మాత్రం, "మనూరికి నీళ్ళు రావాలని యాడాడి మనుషులో వచ్చిండ్రు" అన్నాడు.

ఆ రాత్రి శ్రీశైలంలో ఉండాలనుకున్నాం. ఆనకట్ట దాటితే క్షేత్రం. శ్రీశైలంలో కులానికో సత్రం ఉంటుంది, పెద్దలు తమవాళ్ళ కోసం కట్టించిన మంచి సత్రాలే, అద్దె తక్కువ. చిక్కల్లా మా వ్యాన్‌లో నాలుగు కులాలున్నాయి. ఒక సత్రంలో ఇద్దరికి దొరుకుతుంది, ఒక దాంట్లో ఒకరికి. కలిసి వచ్చినవాళ్ళం పడుకోవడానికి విడిపోవాలా అని అందరం వ్యాన్ పక్కనే చాపలు పరుచుకున్నాం. డబ్బులు ఉన్నవాడు కులం చెప్పకుండా హోటలు గది తీసుకోగలడు, లేనివాడికి మాత్రం పక్క కావాలంటే కులం కావాలి.

వెనక్కి మన్ననూరు వచ్చి, అచ్చంపేట, లింగాల మీదుగా కొల్లాపూర్ చేరాం. మామిడి కాపు మొదలైంది. రోడ్డు పక్కన బుట్టల్లో కాయలు చూసి కిరాణా ఆయన బేరమాడిన తీరు విని అమ్మే ఆమె, "నువ్వు కొనేటోనివి కాదయ్యా, అమ్మేటోనివి" అంది. సరిగ్గా పట్టేసింది.

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ ఒడ్డున నిలబడితే మెట్ట సీమ బాధంతా అర్థమవుతుంది. అంత నీరు కళ్ళ ముందు, కానీ లోయలో. పొలాలన్నీ పైన. అందుకే ఎత్తిపోతలు. ఇక్కడికి దగ్గరలోనే ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు. అక్కడి నుంచి జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు, మూడు మెట్లెక్కించి నీటిని పైకి తెస్తున్నారు. నార్లాపూర్ దగ్గర పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల మొదటి పంపును 2023 సెప్టెంబరులో తిప్పారు, మిగతా పని నడుస్తూనే ఉంది. చుక్క చుక్కకూ కరెంటు ఖర్చు.

శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు రెండు ఒడ్డులూ కలిపి వందకు పైగా ఊళ్ళు మునిగాయి. పాత గుళ్ళను రాయి రాయి విప్పి తెచ్చి కొల్లాపూర్, జటప్రోలు, అలంపురాల్లో మళ్ళీ కట్టారు. అంకెలు వేసి, వరస తప్పకుండా. మనుషులకు మాత్రం 1986లో జీవో 98 ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం అని. దాని కోసం తిరిగి తిరిగి ముసలైనవాళ్ళు ఈ ఊళ్ళల్లో ఉన్నారు. రాళ్ళకు దొరికిన శ్రద్ధ మనుషులకు దొరకలేదని అంటే ఎవరూ కాదనలేరు.

ఎండాకాలం వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఇక్కడ ఉంది. జలాశయం మట్టం తగ్గినప్పుడే అవతలి ఒడ్డు వైపు సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడుతుంది. మిగతా నెలలన్నీ మునకే. అందులో లింగం వేప చెక్కది. సోమశిల నుంచి పడవలో వెళ్ళాం. పడవ మనిషి లైఫ్ జాకెట్లు ఇచ్చేదాకా ఎక్కనని నేను మొండికేశాను. ఈ నీళ్ళ మీద పెద్ద పడవ ప్రమాదాలు జరిగిన చరిత్ర ఉంది. ఇక్కడ వంతెన మంజూరైంది, అది వస్తే ఈ పడవలు ఏమవుతాయోనని పడవవాళ్ళకు బెంగ.

ఏనుగుల వీరాస్వామయ్య ఈ సీమ గుండానే పోయాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరాడు. దారి పొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసిన ఉత్తరాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకమై అచ్చయ్యాయి. పల్లకీలు, బోయీలు, దాదాపు వందమంది పరివారం, మా ఓమ్నీతో పోలిక లేదనుకోండి. కానీ ఆయన ప్రతి మజిలీలో ముందు రాసేది ఏమిటి? నీళ్ళ వసతి ఉందా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా. ఆ వరస చదివితే మా ఇంటి పెద్దవాళ్ళే గుర్తొస్తారు.

గద్వాల కోట, అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చూశాం. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తాను. మగ్గం మిత్రుడు గద్వాలలో ఒక నేతగాడి ఇంట్లో పొద్దంతా కూర్చుండిపోయాడని మాత్రం చెప్పాలి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికే పని అది. మన ఇక్కత్ వేరు, ఆ పని వేరు. ఇద్దరూ పోగుల గురించి మాట్లాడుకుంటుంటే మిగతావాళ్ళం పరాయివాళ్ళమైపోయాం. వెళ్ళేటప్పుడు వాళ్ళింట్లో మాకందరికీ అన్నం పెట్టారు. సంచి ముట్టుకోలేదు.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూశాం. మూడెకరాలకు పైగా పాకిన ముసలి మర్రి. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి బతికించారు. అక్కడి నుంచి బస్టాండుకు పోయాం, చాయ్ కోసం. అక్కడ ముంబయి బస్సు ఎక్కడానికి మూటలతో కూర్చున్న జనం. నారాయణపేట, మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి బస్సులు పోవడం కొత్త కాదు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు. ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడ మట్టి ఎత్తింది వాళ్ళే, సొంత పొలానికి మాత్రం నీళ్ళు లేవు. స్నేహితులతో కలిసి, తక్కువ డబ్బుతో, సద్ది కట్టుకుని దూరం పోవడం. మేం చేసింది అదే, వాళ్ళు చేస్తున్నదీ అదే. మేం ఇంటికి పోతున్నాం, వాళ్ళు ఇల్లు వదిలి పోతున్నారు. మా పక్కన కూర్చున్న ఒకామెను నిరుద్యోగి కుర్రాడు అడిగాడు, "అమ్మా, మీ ఊరికి ఎత్తిపోతల నీళ్ళు రాలేదా?" అని. "కాల్వ తవ్విండ్రు బిడ్డా. నీళ్ళొచ్చినంక మేమొస్తం" అంది.

జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా ఇంటి దారి. కల్వకుర్తి దగ్గర కొన్ని చోట్ల కాలువ నిండుగా ఉంది, ఎండల్లో కూడా పచ్చగా వరి. పది కిలోమీటర్లు దాటితే మళ్ళీ ఎర్ర మట్టి, ఎండిన పత్తి కట్టె. ఎత్తిపోతల నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో వ్యాన్ కిటికీలోంచే గీత గీసినట్టు కనిపించింది.

రామన్నపేట చేరాక కిరాణా ఆయన పద్దు చదివాడు. పెట్రోలుకే ఎక్కువ పోయింది, తర్వాత సఫారీకి, పడవకు. తిండికి పోయింది చూసి తనే నమ్మలేదు. సంచిలో కొంత మిగిలింది. అది పంచుకోవాలా, మళ్ళీ చైత్రానికి దాచాలా అన్న దాని మీద ఇంకా తగాదా తెగలేదు. సలేశ్వరం పోదలచినవాళ్ళు పౌర్ణమికి రెండు రోజులు ముందుగా మన్ననూరు చేరండి. రద్దీ తక్కువగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు దిగకపోవడమే మంచిది, ఎక్కడం దిగడమంత తేలిక కాదు. క్యాన్లు స్టీలువే పెట్టుకోండి.